పురిటి నీళ్ళు

చుక్కి ఈని రెండు రోజులు గడిచాక, సోమవారం తెల్లవారుజామున ఆండాలు రాగి హండా కింద పిడకలు ఎగదోస్తుంటే నెత్తి మీద గుయ్యిమని చప్పుడైంది. చలికాలంలో కందిరీగలేమిటని తలెత్తి చూసింది. రేకుల కప్పుకూ వెనక గోడకూ నడుమ కనిపించే జానెడు ఆకాశంలో నల్లటి వస్తువొకటి, ఒక ఎర్ర దీపం ఒక పచ్చ దీపం పెట్టుకుని, వెనక మురుగు నాలా మీదుగా నింపాదిగా పోతోంది. డ్రోను ఆమెకు తెలియనిది కాదు. మొన్న సదర్ పండగకు దున్నపోతుల్ని పూలదండలేసి ఊరేగిస్తుంటే పైనుంచి వీడియో తీసింది కూడా ఇలాంటిదే. ఇంత పొద్దున్నే ఎవరింట పెళ్ళో అనుకుని మళ్ళీ పొయ్యి పనిలో పడింది.

ఈనిన బర్రెకు పురుడు చెయ్యడం ఆ ఇంట్లో అత్తగారి నాటి పద్ధతి. పదకొండో నాటి దాకా రోజూ పొద్దు పొడవకముందే వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళతో ఒళ్ళు కడగాలి. చన్నీళ్ళు తగిలితే పొదుగు గడ్డకడుతుందని అత్త చెప్పేది. బాలింతకు చేసినట్టు బర్రెకు చేస్తుందని గల్లీలో ఎగతాళి చేసేవాళ్ళు లేకపోలేదు. ఆ ఎగతాళి చేసినవాళ్ళే జున్నుకు గిన్నె పట్టుకుని అందరికన్నా ముందు వస్తారు. ఆండాలు నవ్వుకుంటూ వాళ్ళ గిన్నె నింపే పంపిస్తుంది.

హండా పొగలు కక్కింది. చెయ్యి ముంచి చూసుకుని, రెండు చెంబుల చన్నీళ్ళు కలిపి, ఆమె చుక్కి వీపు మీద మొదటి చెంబు పోసింది. నొసటి మీద తెల్లమచ్చ ఉన్న ఆ బర్రె కళ్ళు అరమోడ్చి, చెవులు వాల్చి, ఇంకా పొయ్యమన్నట్టు ఒళ్ళు ఆమె వైపు వాల్చింది. మెడ కింద, డొక్కలో, తొడల మధ్య గడ్డితో రుద్ది కడిగింది. పొదుగుకు మాత్రం గడ్డి తగలనియ్యదు. అక్కడ అరచెయ్యే. పోసిన నీళ్ళు పసుపుపచ్చగా గచ్చు మీద జారి, ఆమె మామ ఎప్పుడో తీర్చిన వాలు వెంట వెనక గోడ దాకా పోయి, అక్కడి తూములోంచి నాలాలో పడ్డాయి.

ఆ తూమే వాళ్ళ బతుకు. దబీర్‌పురా స్టేషన్ అవతల పట్టాల పక్కన ఉన్న ఆ గల్లీకి ముందువైపు మురుగు లైను లేక కాదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోసి పోసి, ఇప్పుడు కొట్టం కన్నా గల్లీ నడుమెత్తున ఉంది. నీళ్ళు ఎగువకు పారవు కదా. కొట్టంలో ఉన్న బర్రెలన్నిటినీ పొద్దునా సాయంత్రం కడిగిన నీళ్ళు పోయే దారి వెనకవైపు అదొక్కటే.

ముందుకు పోయిన డ్రోను ఏదో మర్చిపోయినట్టు తిరిగొచ్చి, సరిగ్గా ఆ గోడ మీద కాసేపు నిలబడింది. ఆండాలుకు నచ్చలేదు.

"చూసింది చాలు, నడువు. పచ్చి బాలింత, దిష్టి తాకుతది," అని దాన్ని కసిరింది. అది పోయాక కూడా మనసు ఆగక, గుప్పెడు ఉప్పు తీసి చుక్కికీ దూడకూ దిష్టి తీసి పొయ్యిలో పోసింది. ఉప్పు చిటపటమంది.

*

బుధవారం పొద్దెక్కాక నలుగురు వచ్చారు. ముందు నడిచే ఆమె డ్రైనేజీ ఆఫీసు ఇంజనీరు వీణ. చిన్న వయసు, మెడలో ఐడీ కార్డు, కాళ్ళకు బురద అంటిన బూట్లు. వెనక కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు ప్రేమ్‌రాజ్, చేతిలో పెద్ద పలక లాంటి ట్యాబు పట్టుకున్న డ్రోను అబ్బాయి. అందరికన్నా వెనక, గోడవారగా, పక్కింటి ఆనందరావు. ఆయన ఆ ఆఫీసులోనే పాత వర్కరు. ఇంటి పక్కవాడు డ్యూటీ బట్టల్లో తన కొట్టంలోకి రావడం ఆండాలు ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఇక్కడ రంగుల కార్ఖానా ఏదన్నా నడుస్తుందా?" అని అడిగింది వీణ.

"కార్ఖానానా? బర్రెల కొట్టంల కార్ఖానా ఏంది మేడమ్?"

ప్రేమ్‌రాజ్ మాటతో సరిపెట్టుకోలేదు. గడ్డిమోపుల వెనక చూశాడు. దాణా బస్తాలు పక్కకు జరిపించాడు. మూలనున్న డ్రమ్ము మూత తీసి ముక్కు మూసుకుని, ఇందులో ఏముందని గద్దించాడు.

అప్పుడే పాల క్యాన్లు దించుకుని వస్తున్న కొండల్, ఆండాలు పెనిమిటి, "కుడితి సారూ. తవుడు నానబెట్టినం. తాగుతరా, ఓ చెంబు ఇయ్యాల్నా?" అన్నాడు. ఆనందరావు మొహం తిప్పుకుని నవ్వాపుకున్నాడు. ప్రేమ్‌రాజ్ మూత దబ్బున వేశాడు.

వీణ ట్యాబు తీసుకుని ఆండాలుకు చూపించింది. పైనుంచి తీసిన బొమ్మ. నాలా అంతా నీలంగా ఉంది. ఒడ్డున ఇళ్ళ తూముల దగ్గర ఆకుపచ్చ మరకలు చిన్నచిన్నవి. వాళ్ళ వెనక గోడ దగ్గర మాత్రం కుంకుమ భరిణె ఒలికినట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నాలాలోకి తోకలా సాగింది.

"ఇది వేడిని చూపే కెమెరా అమ్మా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వేడి నీళ్ళు ఎక్కడ పడ్డా గిట్ల ఎర్రగ వస్తది. ఇండ్ల నీళ్ళు ఇంత వేడి ఉండవు. రంగులద్దేటోళ్ళవి, కెమికల్ వాళ్ళవి ఉంటయి."

ఆండాలుకు విషయం అర్థమై నవ్వొచ్చింది. "అయ్యో మేడమ్, అవి మా చుక్కి పురిటి నీళ్ళు! వేపాకేసి కాగబెట్టి పోసిన. గా మూలకున్న హండా సూడున్రి."

వీణ హండాను చూసింది. చుక్కిని చూసింది. దాని పక్కన తల్లి కాళ్ళకు ఒరుసుకుని తడబడుతున్న దూడను చూసింది. ఆమె మొహంలో నమ్మకం కనిపించింది, కానీ ఆ నమ్మకం చేతిలోని ట్యాబు దాకా పోలేదు. ఆ యంత్రానికి కళ్ళు పెట్టినవాళ్ళు ముక్కు పెట్టడం మర్చిపోయారు. ముక్కే ఉంటే ఇవి పేడనీళ్ళో రంగునీళ్ళో గల్లీ మొదట్లోనే చెప్పేసేది, ఇంతమంది ఇంత దూరం రావలసిన పని ఉండేది కాదు.

నాలా వెంట కొత్తగా పెద్ద పైపు వేస్తున్నారట. నాలాలో పడే ఇళ్ళ తూములన్నిటినీ ఆ పైపులో కలుపుతారట. ఫ్యాక్టరీ నీళ్ళు కలిస్తే అవతల నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు పాడైపోతుంది కాబట్టి, ఎర్రగా పడ్డ తూముల్ని మాత్రం మూసేస్తారట, పైగా నోటీసు కూడానట. వీణ ఇదంతా నిలబడి ఓపిగ్గా చెప్పింది.

"మూస్తే మా కొట్టం నీళ్ళు ఎటు పోవాలె మేడమ్?" అన్నాడు కొండల్. అతని గొంతులో ఇందాకటి సరదా లేదు. "రెండు దినాలు నీళ్ళు నిలిస్తే బర్రెల గిట్టలు కుళ్ళుతయి. అమ్ముకొని పోవుడే."

"నేను నమ్ముతున్నా అన్నా. కానీ పైన చూసేటోళ్ళు ఫొటోనే చూస్తరు. శుక్రవారం పొద్దున అనుమానం ఉన్న తూములు డ్రోన్‌తోని మళ్ళొకసారి ఫొటో తీస్తున్నం. ఆ రోజు ఎర్రగ పడకపోతే చాలు. నేను చూసుకుంట." పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. మామూలుగ ఉండుండ్రి," అంది.

దూడ నెత్తి మీద చెయ్యి వేసి నిమిరి వెళ్ళిపోయింది. ఆఫీసు మనిషి బర్రెదూడను నిమరడం చూసి ఆండాలుకు సగం భయం పోయింది.

*

మామూలుగా ఉండమని చెప్పడం తేలిక. గండం తలుపు కొట్టి పోయాక మామూలుగా ఉండేవాళ్ళెవరు? ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాం పక్కింటి గుమ్మంలో కూర్చున్నారు. ఆనందరావు భార్య మాణిక్యమ్మ చాయ్ ఇచ్చింది. ఆ పాలు ఆండాలు పొద్దున పోసినవే.

ఆనందరావు డ్రోను మీద కోపంగా లేడు. నిజానికి ఆయనకు అదంటే అభిమానమే. వయసులో ఉన్నప్పుడు తూములు లెక్కపెట్టడానికి ఆయన్ని నడుముకు తాడు కట్టి నాలాలో దింపేవాళ్ళు. ఒకసారి కాలికి సీసాపెంకు దిగి మూడు నెలలు మంచంలో ఉన్నాడు. "అది మంచిదే చెల్లె. మా పోరగాండ్లు ఇగ ఆ కంపుల దిగే పని లేదు. ప్రభువు దయ," అన్నాడు.

"మంచిదే అన్నా, మా మీదనే పడ్డది గద," అంది ఆండాలు. "నువ్వు ఆఫీసుల ఉన్నోనివి. నీకెరుక ఉంటది. శుక్రారం మేం ఏం జెయ్యాలె?"

పెద్ద ప్రశ్నే. ఆనందరావు చాయ్ పక్కన పెట్టి ఆలోచించాడు. ఆయన ఉద్యోగమంతా గడ్డపారతోనూ వెదురు బద్దలతోనూ గడిచింది. ఆ రంగుల బొమ్మల సంగతి ఆయనకు ఆండాలు కన్నా ఎక్కువేం తెలియదు. కానీ అడిగింది చెల్లెలు లాంటి మనిషి. తెలియదనడానికి నోరు రాలేదు.

"వేడి పడొద్దు, అంతే గద. పురిటి నీళ్ళు బంద్ పెట్టు. అసలు నీళ్ళే బంద్ పెట్టున్రి. గురారం రాత్రి నుంచి ఒక్క చుక్క పోవద్దు."

"బర్రెలు ఉచ్చ పోస్తయి గద ఆనందన్నా?" అన్నాడు కొండల్.

"అదీ వేడే," అని మాణిక్యమ్మ లోపలి నుంచి అంది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాళ్ళు. ఆనందరావు తల ఊపి, "అయితే తూముల గోనె సంచి కుక్కుండ్రి. గట్టిగ కుక్కుండ్రి. చుక్క బైటికి రావద్దు. డ్రోన్ పోయినంక తీసేద్దురు," అన్నాడు.

ఆండాలుకు గుండెల మీది బరువు దిగినట్టయింది. మంచి ఉపాయం చెప్పే మనిషి గోడకవతలే ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకుంది.

*

గురువారం సాయంత్రం కొట్టంలో ఎవరూ నీళ్ళు ముట్టలేదు. పేడను పారతో పొడిగా ఎత్తిపోశారు. తడి ఉన్న చోటల్లా పొయ్యి బూడిద చల్లారు. కొండల్ రెండు గోనె సంచులు చుట్టచుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రోకలితో తూములోకి కొట్టాడు. అక్కడ చెయ్యి పెట్టి చూస్తే తడి కూడా తగల్లేదు.

శుక్రవారం తెల్లవారుజామున ఆండాలుకు లేవగానే చెయ్యి పొయ్యి వైపే పోయింది. బలవంతాన వెనక్కి తీసుకుంది. చల్లారిన హండా మూతి మీద వేపాకు రెబ్బ ఒకటి ఎండి అంటుకుని ఉంది. రోజూ ఆ వేళకు వీపు మీద వెచ్చగా పడే నీళ్ళ కోసం చుక్కి ఎదురుచూసింది. రాకపోయేసరికి తల తిప్పి ఆండాలును చూసి, సన్నగా గుర్రుమంది. పాలు పిండబోతే చేపలేదు. దూడను విడిచినా, పొదుగు మీద చెయ్యి వేసి ఎంత బుజ్జగించినా, పాలు పైకే లాక్కుంది.

"ఈ ఒక్క పొద్దే బిడ్డా," అంది ఆండాలు దాని చెవి దగ్గర. "ఈ ఒక్క పొద్దు ఓర్సుకో."

అప్పుడే గుయ్యిమంది. కొండల్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అటు గోడ మీదుగా ఆనందరావు తల కనిపించింది. నోటి మీద వేలు పెట్టుకుని ఉన్నాడు, డ్రోనుకు చెవులున్నట్టు. అది వచ్చింది. సరిగ్గా గోడ మీద నిలిచింది. ఒక బర్రె కాళ్ళు ఎడం చేసి ఉచ్చ పోయడం మొదలెడితే ఆండాలు కొంగుతో బూడిద ఎత్తుకుని పరుగెత్తి దాని కింద కుమ్మరించింది. గచ్చు మీద పారబోయిన ఆ సన్నటి ధార వాలు సగం కూడా దిగకముందే ఇంకిపోయింది.

డ్రోను ముందుకు సాగిపోయింది. మళ్ళీ వెనక్కి రాలేదు.

"పోయింది! గట్లనే పోయింది!" అని కొండల్ రెండు చేతులూ ఎత్తాడు. ఆ మనిషిని అంత సంతోషంగా ఆండాలు చూసి చాలా రోజులైంది. ఆమె గోనె సంచులు లాగి పారేసి, ముందు చుక్కికి నీళ్ళు కాచింది. ఆ రోజు పొద్దెక్కాక పోసినా అది వద్దనలేదు.

ఆ సంబరంలోనే, ఫ్రిజ్‌లో దాచిన జున్నుపాలు తీసి, బెల్లం, యాలకులు, మిరియాలు వేసి జున్ను వండింది. గల్లీకి పంచగా మిగిలినది స్టీలు డబ్బాలో సర్ది ఆనందరావు చేతికిచ్చింది. "మేడమ్‌కు ఇయ్యి అన్నా. మా చుక్కి ఇచ్చిందని చెప్పు."

ఆనందరావు డబ్బాను సద్దిసంచిలో పైన పెట్టుకుని, ఒలకకుండా ఎడమ చేత్తో పట్టుకుని డ్యూటీకి పోయాడు.

*

సోమవారం పొద్దున ఆ డబ్బా తిరిగొచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా పంపకూడదని లోపల గుప్పెడు ఖర్జూరాలు వేసి పంపింది వీణ. దాన్ని తెచ్చిన ఆనందరావు రెండో చేతిలో సిమెంటు గమేళా ఉంది.

ఆండాలు ముందు డబ్బానే చూసింది, మొహం విప్పారింది. తర్వాత గమేళాను చూసింది. ఆ వెనక ఇటుక ముక్కల సంచీ సిమెంటు సంచీ పట్టుకుని ప్రేమ్‌రాజ్ వచ్చాడు. అతని వెనక వీణ. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఎర్రగ పడలే గద అన్నా?" అంది ఆండాలు.

ఆనందరావు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"ఎర్రగ పడలే అమ్మా," అన్నాడు ప్రేమ్‌రాజ్. "అసలేం పడలే. నీలంగనే ఉన్నది. నీళ్ళు పారని తూము. పాతది, పనికిరానిది అని వచ్చింది. గట్లాంటివి నింపేసుడే. పచ్చగ పడ్డయి మాత్రమే కొత్త పైపుల కలుపుతరు."

ఆండాలుకు ఆ మాటలు చెవిలో పడ్డాయి కానీ లోపలికి పోవడానికి కాసేపు పట్టింది. పోయాక, ఆమె డబ్బా కింద పెట్టి, నిండు బకెట్ ఎత్తి, గచ్చు మీద కుమ్మరించింది. నీళ్ళు పేడను కలుపుకుని ఉరికి తూములోంచి దబదబా నాలాలో పడ్డాయి.

"పారని తూమా? సూడు! పారుతలేదా? కండ్లు లేవా?" ఇంకో బకెట్ కుమ్మరించింది. "పారుతలేదా?"

"ఇయ్యాల పారుతుందమ్మా," అన్నాడు ప్రేమ్‌రాజ్. కసురుకోలేదు, ఉన్నమాట చెప్పాడు. "ఆ రోజు పారలే."

కొండల్ వీణ దగ్గరికి పరుగెత్తాడు. మళ్ళొక్కసారి ఎగరేయమన్నాడు, రేపే, ఇప్పుడే, చేతులు జోడించి. వీణ ఆ చేతులు పట్టుకుని దించింది.

"నా చేతిల ఉంటే ఇప్పుడే ఎగరేయించేదాన్ని అన్నా. కంచన్‌బాగ్ దిక్కు డిఫెన్సోళ్ళ జాగ ఉన్నది, ఈ ఏరియాల ఎగరేసేదానికి పర్మిషన్ ఆ రెండు పొద్దులకే తీసుకున్నరు. డ్రోన్ వాళ్ళు పోయిన్రు. మ్యాప్ పైకి పోయింది. అయినా నేను రాస్త, ఈ తూము నడుస్తుందని రాస్త. వచ్చే ఫేజ్‌ల కలుపుతరు."

"వచ్చే ఫేజ్ అంటే ఎప్పుడు మేడమ్?"

వీణ గుమ్మంలోంచే తూము వైపు చూసింది. "ఆ పొద్దు నీళ్ళు ఎందుకు ఆపిన్రు? మామూలుగ ఉండమన్న గద నేను," అంది. ఆ గొంతులో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు ఆండాలు ఆనందరావు వైపు చూసింది. చూడకుండా ఉండాలనుకుంది కానీ మెడ తనంత తానే తిరిగింది. ఆయన గోడవార గమేళా దించి, రెండు చేతులూ ఏం చెయ్యాలో తెలియనట్టు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"నా నోరు పడిపోను," అన్నాడు. "చుక్క పడొద్దని నేనే చెప్పిన మేడమ్. సంచి కుక్కమన్నది గూడ నేనే. ఇంకెవలినన్న పంపున్రి ఈ పనికి. నాతోని గాదు."

"ఎవరున్నరు ఆనందరావ్? ఈ సెక్షన్ నీదే," అంది వీణ నేల చూస్తూ.

ఆండాలుకు కోపం ముంచుకొచ్చింది. ఎవరినైనా పట్టుకుని నాలుగు తిడితే చల్లారేదేమో. తిట్టడానికి ఒక్కరూ దొరకలేదు. మేడమ్ దూడను నిమిరిన మనిషి. ఆనందన్న మేలు కోరే చెప్పాడు. ప్రేమ్‌రాజ్ కూలి మనిషిలాంటివాడే. డ్రోనును తిడదామంటే అది ఏ బస్తీ మీద ఎగురుతోందో. పోనీ తనను తాను తిట్టుకుందామన్నా, ఒక్క పొద్దు ఓర్చుకోమని బర్రెకు చెప్పడం తప్ప తను చేసిన పాపమేమిటో ఆమెకు తెలియలేదు. అలా నిలబడే ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా, అందరి ముందు.

ఆనందరావు తూము ముందు కూలబడ్డాడు. ఇటుక ముక్కలు ఒక్కొక్కటే లోపలికి నెట్టాడు. గమేళాలో సిమెంటూ ఇసుకా కలిపి, మధ్యలో గుంట చేసి నీళ్ళు పోశాడు. కొండల్ వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చుని, ప్రేమ్‌రాజ్‌కు వినపడకుండా, "ఇసుక ఎక్కువెయ్యరాదే ఆనందన్నా. సిమెంట్ జర చూపిచ్చుడే. మల్ల మేం పొడుసుకుంటం," అన్నాడు.

ఆనందరావు తాపీ ఆగింది. పైన ప్రేమ్‌రాజ్ ఫోను తీసి గమేళా ఫొటో కొడుతున్నాడు. ఆనందరావు ఓరకంట అటు చూసి, తల అడ్డంగా ఊపి, సంచిలో మిగిలిన సిమెంటు కూడా దులిపి కలిపాడు. చేతికి అలవాటైన పని, పూత నున్నగా తీరింది. ఆరిన తర్వాత చూస్తే అక్కడ తూము ఉండేదని ఎవరూ అనరు.

వాళ్ళు పోయాక కొండల్ చాలాసేపు మోటారు మాట మాట్లాడాడు. కొట్టం నీళ్ళు మోటారుతో ఎత్తి ముందు లైనులో పొయ్యొచ్చు కదా అన్నాడు. పేడనీళ్ళు పోస్తే ఆ సన్నటి పైపు వారం తిరక్కుండా పూడి, గల్లీలో ఇంటింటి దొడ్డీ పొంగుతుందని అతనికీ తెలుసు. మాట్లాడి మాట్లాడి చివరికి ఫోను తీసి, శంషాబాద్ అవతల ఉండే చెల్లెలి మొగుడికి చేశాడు. బర్రెల్ని తోలుకుపోవడానికి మంగళవారం మధ్యాహ్నానికి బండి వస్తుందని మాటయింది. పచ్చి బాలింతను లారీ ఎక్కించకూడదని ఆండాలు ఒక్కసారే అంది. కొండల్ ఆమె మొహం చూడలేక క్యాన్లు కడగడానికి బయటికి పోయాడు.

*

మంగళవారం పదకొండో నాడు. పురుడెళ్ళే రోజు.

ఏమైనా పురుడు ఎళ్ళాలె, అనుకుంది ఆండాలు. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసింది. చివరి నీళ్ళని వేపాకు రెండు రెబ్బలు ఎక్కువేసింది. పసుపు గుప్పెడు వేసింది. హండా పొగలు కక్కుతుంటే ఎప్పటిలాగే చెయ్యి ముంచి చూసుకుని, చన్నీళ్ళు కలిపి, మొదటి చెంబు చుక్కి వీపు మీద పోసింది. అది కళ్ళు అరమోడ్చింది. చెవులు వాల్చింది. ఒళ్ళు ఆమె వైపు వాల్చింది. మధ్యాహ్నం లారీ వస్తుందని దానికేం తెలుసు.

నీళ్ళు పసుపుపచ్చగా గచ్చు మీద జారి, మామ తీర్చిన వాలు వెంట పోయాయి. వెనక గోడకు తగిలాయి. కాసేపు అక్కడే తచ్చాడి, మెల్లగా వెనక్కి వచ్చాయి. ఆండాలు ఇంకో చెంబు పోసింది. అవీ వచ్చాయి. ఆమె పాదాల చుట్టూ, చుక్కి గిట్టల చుట్టూ నీళ్ళు నిలిచాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. దూడ ఒక కాలు ఎత్తి, దించి, ఇంకో కాలు ఎత్తింది. పొడిచోటు కోసం తల్లి కడుపు కిందికి జరిగింది. ఆండాలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. సగం కడిగిన బర్రెను ఎలా విడిచిపెట్టడం? పోస్తే ఈ నీళ్ళు ఎటు పోవడం?

బయట గల్లీలో ఇనుము రాతికి ఒరిసిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. మ్యాన్‌హోల్ మూత కొక్కేనికి తగిలించి లాగితే అలాగే ఉంటుంది. కాసేపటికి కొట్టం గుమ్మంలో ఆనందరావు నిలబడ్డాడు. లుంగీ పైకి కట్టి ఉంది. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో ప్లాస్టిక్ చేట. నిన్నటి నుంచి ఆ ఇంటి నుంచి పాలకు గిన్నె రాలేదు. ఈయన వస్తాడని ఆమె అనుకోలేదు.

ఆయన ఆమె వైపు చూడలేదు. నీళ్ళలోకి దిగి, వెనక గోడ దగ్గర వంగి, చేటతో నీళ్ళు తోడి బకెట్‌లో పోశాడు. బకెట్ నిండాక, పాత గాయం ఉన్న కాలు ఈడుస్తూ మెట్లెక్కి గల్లీలోకి మోసుకుపోయాడు. అక్కడ మ్యాన్‌హోల్‌లో కుమ్మరించిన చప్పుడు వినిపించింది. మళ్ళీ వచ్చి వంగాడు.

"ఇడువు అన్నా," అంది ఆండాలు. "ఎన్నని మోస్తవు?"

ఆనందరావు చేట ఆపలేదు.

"నువ్వు పోస్తుండు చెల్లె," అన్నాడు. "ఈ పొద్దయితే నేను మోస్త."